వాలు అక్షరాల బేరం

ఆ రోజుల్లో కడపలో బేరమాడటం రానివాడు లేడు. వాళ్ళందరిలోకీ గట్టివాణ్ణి నేనేనని చెప్పుకుంటే మీరు నవ్వవచ్చు గానీ, నా దగ్గర రుజువుంది. కొనడానికి పోయి, అసలు సరుకును అక్కడే వదిలేసి, కొసరును మాత్రం ధర కట్టి కొని, బండికెత్తించి, మీసం దువ్వుకుంటూ ఇంటికి తెచ్చుకున్న వ్యాపారి కర్నూలు, కడప జిల్లాలు రెండింటిలోనూ నేనొక్కణ్ణే. (కొసరంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు చెప్పాలేమో: బెల్లం తూచి ఇచ్చాక, అడిగేవాడి నోటి బలాన్ని బట్టి పైన వేసే చిన్న ముక్క.) అంత పెద్ద తప్పు చేయడం అందరికీ చేతకాదు. చిన్నప్పటినుంచి అంగట్లో పెరిగి ఉండాలి, బేరమంటే ప్రాణం పెట్టాలి, కొనే వస్తువు గురించి మాత్రం ఏమీ తెలిసి ఉండకూడదు. ఈ అర్హతలన్నీ నాకు నిండుగా ఉండేవి.

మా నాయనకు రైలు స్టేషనుకు పోయే దారిలో కిరాణా అంగడి. బెల్లం దిమ్మెలకూ చింతపండు బుట్టలకూ నడుమ పెరిగాను నేను. "అడిగేటోడు అడుగుతానే ఉంటాడు. ఇచ్చేటోడి చెయ్యి అంత తొందరగా లేయగూడదు రా" అన్నది ఆయన నాకు చేసిన ఏకైక ఉపదేశం. కొసరు అడిగిన వాళ్ళతో ఆయన వానల గురించీ, పిల్లల చదువుల గురించీ ఎంతో ప్రేమగా మాట్లాడేవాడు. ఆ మాటల్లోపడి వాళ్ళు కొసరు సంగతి మరచిపోయి వెళ్ళేవాళ్ళు. అయితే తూకంలో మోసం చేసేవాడు కాదు. ఆయన తక్కెడ ముల్లు ధ్వజస్తంభంలాగా నిటారుగా నిలబడాల్సిందే. ఒక గింజ ఎక్కువ పోయినా నిద్రపట్టేది కాదు, తక్కువ పోయినా పట్టేది కాదు. ముల్లు ఒక పక్కకు వాలిందంటే ఎవరికో అన్యాయం జరుగుతోందని ఆయన నమ్మకం.

అట్లాంటి ఇంట్లో పుట్టి నేను అచ్చు యంత్రం మీద మోజుపడ్డాను. స్కూలు ఫైనల్లో లెక్కలు తప్పిన తరువాత (వ్యాపారస్థుడి కొడుకు లెక్కలు తప్పడం ఏమిటని మా వీధంతా వచ్చి పరామర్శించింది) నాయనను బతిమాలి, అంగడి వెనకగదిలో కాలితో తొక్కే చిన్న యంత్రం ఒకటి పెట్టించుకున్నాను. పెళ్ళిపత్రికలు, తిరునాళ్ళ కాగితాలు, లేహ్యం డబ్బాల మీది చీటీలు అచ్చువేసేవాణ్ణి. అన్నీ తెలుగే. అక్షరాలు కూర్చే పని ఒక ముసలి సాయిబుది. లావు అద్దాలు పెట్టుకునేవాడు గనుక అందరికీ ఆయన అద్దాల మామ. ఇంగ్లీషు రాదు గానీ, కాగితం మీద నేను రాసి ఇచ్చే ఇంగ్లీషు అక్షరాన్ని పెట్టెలోని అక్షరంతో బొమ్మకు బొమ్మ పోల్చి కూర్చేస్తానని ధైర్యం చెప్పేవాడు. అంగట్లో కూర్చుంటే నేను "శెట్టిగారి పిల్లోడు". వెనకగదిలోకి వచ్చినవాళ్ళు నన్ను "ప్రెస్సు సారూ" అనేవాళ్ళు. ఆ పిలుపు కోసం ఏ తప్పయినా చేయడానికి నేను సిద్ధంగా ఉండేవాణ్ణి. చేశాను కూడా.

కర్నూలు తట్టు ఒక పాత ముద్రణశాల మూసేస్తూ ఇంగ్లీషు అక్షరాలు అమ్ముతున్నారని తెలిసి రైలెక్కాను. అక్కడ ఎంత ఎండ కాసినా నల్లకోటు విప్పని ఒక తాత నాకు రెండు బీరువాలు తెరిచి చూపించాడు. ఒకదాంట్లో నిటారు అక్షరాలు, బరువుగా, వరసగా, కచేరీ గుమాస్తాల్లాగా. రెండోదాంట్లో అవే అక్షరాలు, అదే పోలిక, కానీ అన్నీ కుడివైపుకు కొంచెం వాలి ఉన్నాయి. తాత ఒకదాన్ని నా అరచేతిలో పెట్టాడు. కలం పట్టుకొని ఎవరో తొందరగా, కానీ అందంగా రాసినట్టుంది. గీత ఒకచోట సన్నం, ఒకచోట లావు. ప్రతి కొసకూ చిన్న ముల్లులాంటి మెలిక. నిటారు అక్షరం నిలబడి ఉంది, ఇది నడుస్తోంది. నాకు అక్కడే మనసు పోయింది. మనసు పోయిందని ముఖంలో కనిపించకుండా, ఆవులించాను.

"ఇదంతా కలిపి ఒక లాటు" అన్నాడు తాత.

"విడివిడిగా చెప్పు తాతా."

"విడదీసేది కాదప్పా అది. నిటారుగా ఉండేటివే అసలు అక్షరాలు. ఈ ఇటాలిక్ వాటికి తోడుగా వచ్చేది. పేజీలో ఒక మాటకో రెండు మాటలకో వాడుకుంటారు."

"అంటే కొసరా?"

తాత కొంచెం ఆలోచించి, "అట్లనే అనుకో" అన్నాడు.

"అయితే కొసరు ధరే చెప్పు!" అన్నాను.

ఇంత తెలివైన మాట నేను జీవితంలో మళ్ళీ అనలేదు. ఆ ఊపులో, ఎద్దుల సంతలో చేసినట్టు నా తువ్వాలు తీసి తాత చేతిమీద కప్పి, కింద వేళ్ళు పట్టుకొని ధర నొక్కడం మొదలుపెట్టాను. "యాల నా చెయ్యి పిసుకుతాండావు? దుడ్లు నోటితో చెప్పలేవా?" అని ఆయన అదిరిపడ్డాడు. ఏమైతేనేం, నిటారు బీరువా మొత్తం ఆయనకే వదిలేసి, వాలు అక్షరాలన్నీ కొసరు ధరకు తూకం వేయించుకొని వచ్చాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. స్టేషను నుంచి వచ్చే బండిలో, బండివాడు కూడా నన్ను చూసి నవ్వాడు; ఇద్దరిలో వాడి నవ్వే సరైనదని నాకు తరువాత అర్థమైంది.

అద్దాల మామ పెట్టెలు విప్పి, ఒక అక్షరం తీసి, తల కుడివైపుకు వంచి చూశాడు. మరొకటి తీసి మరికొంచెం వంచాడు. "నిలబడేటివి యాడ బేటా?"

"అవి లేవు మామా. ఇవే."

"అన్నీ ఇట్లనే పడిపోయే రకమా?"

"పడిపోవడం కాదు మామా, అది నడక."

"యాడికి పోతాండాయో!" అని ఆయన నిట్టూర్చి అక్షరాలు కూర్చడం మొదలుపెట్టాడు. నమూనాగా ఒక కాగితం నిండా అచ్చువేశాం. నిజం చెబుతున్నాను, అంత ముచ్చటైన కాగితం అంతకుముందు కడపలో అచ్చుకాలేదు. గాలికి ఒకే పక్కకు ఊగిన జొన్నచేనులాగా ఉంది. అందులోనూ ఎఫ్ అనే అక్షరముందే, దాని వయ్యారం చెప్పనలవి కాదు. నిటారు ఎఫ్ బుద్ధిగా గీత మీద నిలబడుతుంది. వాలు ఎఫ్ గీత కిందికి కాలు జాపుతుంది, పైన తల ముందుకు వంచి పక్క అక్షరం నెత్తిమీదికి చాపుతుంది, పక్కింటి అరుగు మీదికి చూరు దించిన ఇల్లులాగా. సీసపు దిమ్మె దాటి బయటికి వచ్చిన ఆ తలకు కింద ఏ ఆధారమూ ఉండదు. ఆ సంగతి నేను గమనించాను. గమనించి, ఎంత అందం అనుకున్నాను.

నాయన అంగడి కట్టేసి వచ్చి, కాగితాన్ని దీపం దగ్గర పట్టుకొని చాలాసేపు చూశాడు. ఆయన తల వంచలేదు. కాగితాన్నే తిప్పి, అక్షరాలు నిటారుగా వచ్చేదాకా వంచాడు. అప్పుడు కాగితం వంకరైంది.

"ఏందిరా ఇది? ముల్లు వాలి ఉండాది గదరా!"

"అది వాటి తీరు నాయనా. దొరల మర్యాద."

"అసలు సరుకు యాడ?"

చెప్పాను. కొసరు ధరకు కొన్నానని మాత్రం గట్టిగా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి మా అవ్వతో, "అమ్మా, నీ మనవడు తాలింపు కొనుక్కొచ్చినాడు, పప్పు వాళ్ళకే ఇడిసిపెట్టి" అన్నాడు. తరువాత నాతో, తక్కెడ ముందు మాట్లాడే గొంతుతో అన్నాడు: "మామిడికాయల కాలం అయిపోయేలోపల ఈ సీసం దాని తిండి అది సంపాదించుకోవాల. లేదా, కరగబోసి తూకపురాళ్ళ అడుగున పోస్తా. ఆ యంత్రం అమ్మేస్తా. నువ్వొచ్చి అంగట్లో కూచో."

(ఇనుప తూకపురాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. అరిగిన రాయి తూకం సరిచేయడానికి అందులో సీసం పోస్తారు. నా అక్షరాలకు ఆయన చూపించిన భవిష్యత్తు అది.) అప్పటికి మామిడి పూత మీద ఉంది.

మొదట మా వీధి వకీలుగారి దగ్గరికి పోయాను. ఆయన నమూనా చూసి మెచ్చుకొని, తన కోర్టు కాగితం ఒకటి అచ్చుకు ఇచ్చాడు. మొత్తం వాలుగానే వేసి తీసుకుపోయాను. ఆయన రెండు పేజీలు చదివి మెడ పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఈ అక్షరాలు గట్టిగా నొక్కి చెప్పాల్సిన మాటకు వేస్తారు. అంతా ఇట్లనే వేస్తే ఏ మాట గట్టిదని జడ్జికి తెలుస్తాది?"

"మీరు చెప్పేవన్నీ గట్టి మాటలే గద సార్" అన్నాను. వకీలుగారు ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు. ఆ తరువాత ఆయన తన కాగితాలు నా దగ్గరికి పంపలేదు. నా మాటను మాత్రం బార్ రూములో అందరికీ చెప్పి నవ్వించాడట.

తరువాత వచ్చాడు మామిడి వర్తకుడు. బనగానపల్లె తోటలు గుత్తకు పట్టి మద్రాసుకు రైల్లో గంపలు పంపేవాడు. గంపల మీద అంటించడానికి ఇంగ్లీషు చీటీలు కావాలన్నాడు. నమూనా కాగితం మీద వేలు జరుపుతూ వచ్చి, ఎఫ్ దగ్గర ఆగిపోయాడు.

"ఓయబ్బ! ఇది అచ్చం మా దోటి మాదిరుండాదే!"

నిజమే. మామిడికాయలు కోసే పొడుగాటి దోటి, పైన కొక్కెంతో సహా. అంత పోలిక నాకెందుకు తట్టలేదా అని సిగ్గుపడి, వెంటనే, "మీ వ్యాపారం కోసమే పుట్టిన అక్షరమన్నా అది" అన్నాను.

"అయితే ఈ దోటి అక్షరం ఎన్ని పడితే అన్ని ఏయప్పా. చీటీ నిండా దోట్లే కనపడాల."

కొనేవాడు అడిగినది లేదనడం మా వంశంలో లేదు. నాకు తెలిసిన ఇంగ్లీషునంతా జల్లెడపట్టి ఫైన్, ఫ్రెష్, ఫస్ట్, ఫుల్, ఫ్రూట్, ఫ్రమ్ అని ఎఫ్ ఉన్న మాటలన్నీ గుచ్చి ఒక దండ కట్టాను. దానికి అర్థముందా అని ఆయన అడగలేదు, నేనూ నన్ను అడగలేదు. "నల్లగా, ముద్దగా పడాల, మద్రాసు దాకా కనపడాల" అన్నాడు. సరేనని యంత్రంలో కాగితం కింద అట్టలు దట్టించి, బలంగా తొక్కించాను. ఒక్కొక్క తొక్కుకూ వెనకనుంచి టిక్కుమని సన్నటి చప్పుడు వినిపించేది. యంత్రానికి నూనె తక్కువైందనుకున్నాను. చీటీలన్నీ అయ్యాక అద్దాల మామ అక్షరాలు కడగబోయి, "బేటా, ఇట్ల రా" అన్నాడు. ఆధారం లేకుండా ముందుకు చాచిన ఎఫ్‌ల తలలన్నీ ఆ నొక్కుడుకు విరిగి రాలిపోయి ఉన్నాయి. దోట్ల కర్రలు మిగిలాయి, కొక్కేలు పోయాయి.

అది చాలదన్నట్టు వారం తిరక్కుండా వర్తకుడు మండిపడుతూ వచ్చాడు. సంగతేమిటంటే, గంపలు కట్టే ఆయన కూలీలు కోసిగి తట్టు నుంచి వలస వచ్చినవాళ్ళు, పనిలో మహా శ్రద్ధ గలవాళ్ళు. చీటీల మీద అక్షరాలు ఒరిగి ఉండటం చూసి, అచ్చువేసినవాడు తప్పు చేశాడని జాలిపడి, అక్షరాలు నిటారుగా వచ్చేటట్టు ప్రతి చీటీనీ వంకరగా అంటించారు. మద్రాసులో దిగిన గంపలన్నీ దారిలో దొర్లి పడినట్టు కనిపించాయి. లోపల కాయ చితికి ఉంటుందని చెప్పి అక్కడి కొనుగోలుదారులు ధర విరిచేశారు.

"అక్షరాలు నిలబెట్టి ఏసింటే ఏం పోయేదప్పా నీకు?" అని వర్తకుడు నెత్తి కొట్టుకున్నాడు. కూలి వద్దన్నాను. దానికాయన కోపం సగం దిగి, పోతూ పోతూ ఒక గంప పండ్లు దించిపోయాడు. దాని మీద కూడా చీటీ వంకరగానే ఉంది. ఇంట్లో అందరూ చేతులు కారేటట్టు తిన్నారు. నాయన మాత్రం ఒక టెంక చీకుతూ, "కాలం అయిపోవస్తాంది" అన్నాడు. పండ్ల గురించి కాదని నాకు తెలుసు.

అప్పుడు వచ్చాడు పాస్టరయ్య. కడపకు దగ్గరి పల్లెలో పాత చర్చి ఆయనది. కొంచెం మెట్టచేను కూడా ఉండేది, శెనక్కాయ వేసేవాడు. వెంట అమ్మగారు, ఆయన భార్య, కొంగు తలమీదికి లాక్కొని గుమ్మం పక్కన నిలబడింది. వాళ్ళ అమ్మాయికి గుంతకల్లు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు రైల్వే ఆఫీసులో గుమాస్తా. అతని తండ్రి రైలు గార్డుగా చేసి రిటైరైనవాడు. పెళ్ళికార్డు ఇంగ్లీషులో ఉండాలని, లేకుంటే ఆఫీసువాళ్ళ ముందు తన కొడుకు తల ఎత్తుకోలేడని కబురు పెట్టాడట. పాస్టరయ్యకు అది పరువు సమస్య. నాకది ప్రాణ సమస్య. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.

నమూనా చూసి ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "నాయనా, ఇవి వాలు అక్షరాలు గదా?"

"అవునయ్యా. శానా మర్యాదైన అక్షరాలు."

"మా ఇంగ్లీషు వేదగ్రంథంలో ఉండాయి ఇవి. యాడ ఉంటాయో తెలుసునా? మూలభాషలో లేని మాటను, అర్థం కుదిరేదానికి తర్జుమా చేసినోళ్ళు కలిపింటారు. ఆ మాటను మాత్రం ఇట్ల వాలుగా ఏస్తారు. ఇది మూలంలో లేదు, మేం పెట్టినాం అని చదివేటోడికి తెలియాల గదా."

అక్కడ కూడా కొసరేనన్నమాట!

"మరి నా బిడ్డ పెండ్లి కార్డంతా ఇట్ల ఏస్తే, పెండ్లి పెండ్లే మూలంలో లేదని అర్థమొస్తాది. ఆ గుంతకల్లాయన ఆ పుస్తకం దినమూ చదివేటాయన. ఇదేందని నన్ను నిలబెట్టి అడుగుతాడు."

ధర తగ్గిస్తానన్నాను. "ధర మాట కాదు నాయనా" అన్నాడు. బేరగాడికి ఇంతకంటే భయంకరమైన మాట ఇంకొకటి లేదు. చేతిలోని ఒకే ఒక్క కత్తి విరిగిపోతుంది. ముందు అంగట్లో నాయన తక్కెడ గొలుసు గలగలలాడింది. ఆ చప్పుడుకే నాకు నోరొచ్చింది.

"అయ్యా, ఆ మాటలు ఎందుకు కలిపినారు వాళ్ళు?"

"అవి లేకుంటే వాక్యం కుదరదు గాబట్టి."

"ఇంటికొచ్చే కోడలు మాత్రం ఆ ఇంటి మూలంలో ఉండేదా అయ్యా? యాన్నించో తెచ్చి కలుపుకుంటారు. ఆయమ్మ వస్తేనే గదా ఆ ఇల్లు కుదిరేది?"

గుమ్మం దగ్గర అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరయ్య నన్ను కళ్ళజోడు మీదుగా చూసి, "నువ్వు చర్చిలో ఉండాల్సినోడివప్పా, ఈడ యాల కూచుంటివి" అని, కొంచెం మెత్తబడ్డాడు. "సరే. మిగతాదంతా నీ ఇష్టం. పేర్లు మాత్రం వాలుగా వద్దు. పిల్లోడి పేరు, పిల్ల పేరు నిలబడుండాల."

నిలబడే అక్షరాలు కర్నూలులో, నల్లకోటు తాత బీరువాలో ఉండిపోయాయి. నేను మింగలేక కక్కలేక చూస్తుంటే, అమ్మగారు మొదటిసారి నోరు విప్పింది. "నాకు ఇంగిలీషు రాదు నాయనా. నా బిడ్డ పేరన్నా నాకు చదవొచ్చేటట్ల ఎయ్యలేవా?" ఆమె చూపు గోడ పక్కన మా తెలుగు అక్షరాల పెట్టెల మీద ఉంది.

"అదే చెప్పబోతున్నానమ్మా!" అన్నాను. (ఆ ఆలోచన నాదేనని తరువాత ఎంతమందికో చెప్పుకున్నాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను.)

ఇక మాటల బేరం. తల ఉన్న ఎఫ్‌లు చేతివేళ్ళన్ని కూడా మిగల్లేదు. పాస్టరయ్య ఎక్కడో చూసి రాసుకొచ్చిన ఆహ్వానంలో ఫేవర్ అని, ఫ్యామిలీ అని, ఫ్రెండ్స్ అని అడుగడుగునా ఆ అక్షరమే. నేను ఫేవర్ తీసేసి ఆనర్ పెట్టమన్నాను. ఆయన ఫ్యామిలీ వదలనన్నాడు. ఫ్రెండ్స్ వదులుకుంటే ఫ్యామిలీ ఇస్తానన్నాను. "స్నేహితులను పిలవకుండా పెండ్లెట్ల చేస్తారప్పా?" "పిలవండయ్యా, నోటితో పిలవండి." బెల్లం బేరమైనా అంత సేపు సాగి ఉండదు.

అద్దాల మామ ఈసారి ఒక్కొక్క అక్షరాన్నీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. కాగితం కింద అట్ట లేకుండా, మెల్లగా తొక్కాం. మొదటి కార్డు చేతికి రాగానే ఇద్దరం దాన్ని వెలుతురులోకి తీసుకుపోయాం. పైన వాలు ఇంగ్లీషు వరసలు, కింద వాలు ఇంగ్లీషు వరసలు, నడుమ గుండ్రటి తెలుగులో రెండు పేర్లు. ఆ అక్షరాలన్నీ రెండు వైపుల నుంచి వంగి, నడుమ నిలబడిన జంటకు దారి ఇస్తున్నట్టుంది. తోడు లేక ఇన్నాళ్ళూ అందరి మెడలు పట్టించిన నా వాలు అక్షరాలు, పక్కన నిలబడే అక్షరం ఒకటి దొరికేసరికి ఒక్కసారిగా అందంగా అర్థమయ్యాయి. "చూస్తివా, యాడికి పోతాండాయో ఇప్పుడు తెలిసింది. పెండ్లికి!" అన్నాడు మామ.

అమ్మగారు కార్డు తీసుకొని, పేరు కింద వేలుపెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ బిడ్డ పేరు చదివింది. చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది. సిరా ఇంకా ఆరలేదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె వేలికి అంటింది, కొంగుకు తుడుచుకోలేదు.

కార్డులు గుంతకల్లు పోయాయి. జవాబు రాలేదు, వేరే పనీ రాలేదు. తోటల్లో కాయ అయిపోయింది. తొలకరి పడిన రోజు పొద్దున నాయన పెరట్లో పొయ్యి ముట్టించి, ఇనుప గరిటె కడిగి పెట్టుకున్నాడు. నేను పెట్టెల ముందు నిలబడి, ఏ అక్షరం ముందు పోతుందో అని చూస్తున్నాను. అప్పుడు పాస్టరయ్య తడిసిన గొడుగుతో వచ్చాడు. వెనకే ఒక గోతం శెనక్కాయలు.

"కార్డులు సాలలేదంట నాయనా! ఆఫీసులో ఒక్కొక్కరూ రెండేసి అడుగుతాండారంట. ‘అక్షరాలన్నీ వంగి మా కోడలి పేరుకు దణ్ణం పెడుతుండాయి’ అని ఆ గార్డాయన చూపించిందే చూపిస్తాండాడంట. ఇంకొకాయన కూతురి పెండ్లికి కూడా ఇట్లనే కావాలంటాండాడు." తరువాత గొంతు తగ్గించి, "కొసరుగా ఇంకో పది కార్డులు ఏస్తావా?" అన్నాడు.

నా జన్మలో మొదటిసారి, వానల గురించి మాట్లాడకుండా, ఊఁ అన్నాను.

నాయన అంతా విన్నాడు. కార్డు తీసుకొని, ఈసారి తిప్పలేదు, వంచలేదు. నడుమ పేర్లు చదివాడు. "వీళ్ళిద్దరూ నిలబడుండారు" అని మాత్రం అన్నాడు. పొయ్యి వైపు చూసి, "ముట్టించిన నిప్పు ఊరికే పోగొట్టుకుంటామా? ఆ తలలు తెగినవి పట్రా" అన్నాడు. విరిగిన ఎఫ్‌లన్నీ గరిటెలో కరిగి, అంగట్లో అరిగిపోయిన ఒక తూకపురాయి అడుగు గుంటలోకి పోయాయి. మిగిలిన అక్షరాలు నాకు దక్కాయి.

చాలా ఏళ్ళయింది. అద్దాల మామ పోయాడు, నాయన పోయాడు. నా నడుము ఇప్పుడు కుడివైపుకు కొంచెం వాలింది. పట్టుకునే చేతికర్రకు పైన ఒక కొక్కెం కూడా ఉంది. మా మనవరాలు నన్ను వెనకనుంచి చూసి నవ్వితే, ఇటాలిక్ అంటారమ్మా దీన్ని, మర్యాదైన రకం అని చెబుతుంటాను. మొన్న అంగడి చూసుకునే మా తమ్ముడు పాత రాళ్ళు మార్చి సర్కారు ముద్రవేసిన కొత్తవి తెచ్చాడు. ఊరికే తమాషాకు, నా ఎఫ్‌లు పోసిన రాయిని ఒక తట్టలో, కొత్తదాన్ని ఇంకో తట్టలో పెట్టాడు. ముల్లు మెల్లగా పాత రాయి వైపుకు ఒరిగి, అక్కడే ఆగింది.

"అన్నా! ఇది బరువెక్కువ ఉండాది. అంటే ఇన్నేండ్లూ ఈ రాయితో తూచినోళ్ళందరికీ అడగకుండానే కొసరు పోయింది గదన్నా! నాయన చూసుకోకుండా ఉంటాడా?"

ఒక గింజ ఎక్కువ పోతే నిద్రపట్టని మనిషి. ఆ రాయిని పక్కదానితో పోల్చి చూడకుండా వాడి ఉంటాడని ఎవరైనా చెబితే నేను నమ్మను. అయినా ఆ తరువాత కూడా ఆయన హాయిగా నిద్రపోవడం నేను చూశాను.

ఇక లెక్క తేల్చాలి. ఖర్చు వైపు: కర్నూలులో కొసరుకు కట్టిన ధర, రైలు చార్జీ, బండి బాడుగ, మామిడి వర్తకుడికి వదులుకున్న కూలి, తలలు పోయిన ఎఫ్‌లు, ఆ రాయి మీదుగా ఇన్నేళ్ళూ ఊళ్ళోకి పోయిన బెల్లమూ చింతపండూ. రాబడి వైపు: పాస్టరయ్య కార్డులు, వాటిని చూసి వచ్చిన కొన్ని రైల్వే పెళ్ళిళ్ళు, ఒక గోతం శెనక్కాయలు, ఒక గంప మామిడిపండ్లు. తీసివేతలు నాకు రావని స్కూలు ఫైనల్లోనే తేలిపోయింది గనుక తమ్ముడితో వేయించాను. వాడు వేళ్ళు ముడిచి చూసి, నష్టమే అన్నాడు.

"ఇంకేమన్నా వచ్చిందా అన్నా, కలుపుకుందాం?"

సిరా అంటిన అమ్మగారి వేలి సంగతి చెప్పాను. వాడు ముడిచిన వేళ్ళు విప్పి, "అది ఏ పక్క ఏసుకోవాల?" అన్నాడు.

వేయొద్దన్నాను. కొసరును ఏ అంగట్లోనూ లెక్కలో రాయరు.